వంట చేయని చెఫ్‌కు అంత జీతం ఎందుకు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది మిర్యాలగూడ, నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద 120 సీట్ల రెస్టారెంట్ పెడుతున్నారు. మిర్యాలగూడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వండే మంచి మాస్టర్ ఒకాయన వస్తానంటున్నాడు. హైదరాబాద్ కన్సల్టెంట్ మాత్రం ఎగ్జిక్యూటివ్ చెఫ్ (వంటగది మొత్తానికి పెద్ద) లేకుండా తెరవొద్దంటున్నాడు. ఆ పోస్టుకు వచ్చినాయనను ‘మీరు ఏమేం వండుతారు’ అని అడిగితే ‘నేను వండను సార్, వండిస్తా’ అన్నాడట. వండని మనిషికి ముగ్గురు మాస్టర్ల జీతం ఎందుకు, రోజంతా ఆయన చేసేదేమిటి అని మీ అనుమానం. తందూరీ మాస్టర్ అడుగుతున్న అడ్వాన్స్ సంగతి కూడా రాశారు, దాని గురించి చివర్లో చెప్తాను.

ముందు జవాబు. మీ ఒక్క రెస్టారెంట్‌కు ఆ హోదా అవసరం లేదు. కానీ ఆ పని అవసరం. తను సెలవు పెట్టిన రోజు కూడా కూర నిన్నటిలాగే ఉండేట్టు చూడడం, ఆ కూర అమ్మితే మీకు నాలుగు పైసలు మిగిలేట్టు చూడడం, తిన్నవాళ్లకు కడుపు చెడకుండా చూడడం – ఈ మూడూ ఆయన పనే. గంటె పట్టడం ఇందులో చిన్న భాగం. కాబట్టి ఇంటర్వ్యూకు వచ్చినాయన అన్న మాట తప్పేం కాదు. కాకపోతే ‘వండను’ అన్నాడు చూడండి, అక్కడ కొంచెం అనుమానం ఉంది. దాని గురించి తర్వాత.

నాది దేవరకద్ర దగ్గర పల్లె. 1998లో హైదరాబాద్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి చేరాను. ఉల్లిగడ్డల బస్తాల దగ్గర ఒక ఏడాది, తందూర్ దగ్గర చేతి వెంట్రుకలు కాల్చుకుంటూ నాలుగేళ్లు, ఆ తర్వాత కమీ (చేతికింద వంటవాడు), సీడీపీ (ఒక సెక్షన్ చూసుకునేవాడు), సూ చెఫ్ (పెద్ద చెఫ్ తర్వాతి మనిషి). ఎగ్జిక్యూటివ్ చెఫ్ అయ్యేసరికి పదిహేనేళ్లు పట్టింది. ఇప్పుడు జడ్చర్ల వైపు రెండు రెస్టారెంట్లు, ఒక బాంకెట్ హాలు నా కింద ఉన్నాయి. కాబట్టి పుస్తకంలో ఉన్నది కాదు, నా ఒంటి మీదికి వచ్చిందే రాస్తున్నా.

చెఫ్ అన్న ఫ్రెంచ్ మాటకు పెద్ద, నాయకుడు అని అర్థం. వంటవాడికి వాళ్ల భాషలో వేరే మాట ఉంది. ఇప్పుడు పెద్ద హోటళ్లలో కనిపించే సెక్షన్ల పద్ధతిని 1890లలో లండన్ సవాయ్ హోటల్లో ఒక దారికి తెచ్చినాయన ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ చెఫ్. అంతకు ముందు ఆయన ఫ్రెంచ్ సైన్యంలో వంట చేశాడు. పటాలంలో ఎవరి పని వాళ్లకు పంచినట్టే సాస్‌కు ఒకరు, కాల్చే మాంసానికి ఒకరు, మిఠాయిలకు ఒకరు అని వంటగదిని పంచాడు. మన దగ్గర అవే తందూర్, కర్రీ, బిర్యానీ, చైనీస్, టిఫిన్ సెక్షన్లు అయ్యాయి. ఒక్కోదానికి ఒక మాస్టర్. చిక్కేమిటంటే ఐదుగురూ రాజులే. ఒకరి పొయ్యి దగ్గరికి ఇంకొకరు పోరు. రెండు నాన్లు, ఒక కడాయి చికెన్, ఒక ఫ్రైడ్ రైస్ ఆర్డర్ వస్తే మూడూ ఒకే టేబుల్‌కు ఒకేసారి వేడిగా పోవాలని వాళ్లలో ఎవరూ అనుకోరు. అది అనుకునే మనిషి కావాలి. పాస్ దగ్గర, అంటే వండిన ప్లేట్లు బయటికి పోయే గట్టు దగ్గర నిలబడి, కేఓటీలు (వంటగదికి వచ్చే ఆర్డర్ చీటీలు) చదివి ‘నాన్ ఇప్పుడే వెయ్యకు, కర్రీ ఇంకో మూడు నిమిషాలు’ అని చెప్పేవాడు. మీరు చూసినప్పుడు ఊరికే నిలబడ్డట్టు కనిపించేది ఇతనే.

ఈ పోస్టులోకి కొత్తగా వచ్చినప్పుడు నేనూ మీలాగే అనుకున్నా. చెఫ్ అంటే అందరికన్నా బాగా వండేవాడు అని. రోజూ పొయ్యిల దగ్గరే ఉండేవాణ్ణి. బిర్యానీ దమ్ నేనే వేసేవాణ్ణి, గ్రేవీ నేనే రుచి సరిచేసేవాణ్ణి. పీర్ల పండుగకు మూడు రోజులు ఊరికి పోయొచ్చేసరికి టేబుల్ మీద పదకొండు కంప్లైంట్ కాగితాలు. ఒకరికి ఉప్పు ఎక్కువ, ఒకరికి ముక్క ఉడకలేదు, ఒకరు ‘ఇది మొన్న తిన్న కూర కాదు’ అని రాశారు. జనరల్ మేనేజర్ పిలిచి ఒక్క మాటన్నాడు: ‘నీకు జ్వరమొస్తే హోటల్‌కు గూడ జ్వరమొస్తదా?’ ఆ రోజు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే తూకం మిషన్ కొన్నాను.

ఆ తూకం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీకు రాబోయే మొదటి గండం అక్కడే ఉంది. మన మాస్టర్లు మసాలా కలిపేటప్పుడు స్టోర్ తలుపు దగ్గరికేసుకుంటారు. అది వాళ్ల అన్నం, తప్పు పట్టను. కానీ జడ్చర్ల దగ్గర ఒక రెస్టారెంట్‌లో మాస్టర్ రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. పక్క హోటల్‌వాళ్లు రెండు వేలు ఎక్కువ ఇస్తామన్నారంతే. ఆయనతోపాటు మసాలా మూటా పోయింది, ఇద్దరు హెల్పర్లూ పోయారు. యజమాని నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. నాలుగేళ్లుగా జనం ఆ మటన్ కూర కోసమే వచ్చేవాళ్లు, అందులో ఏం పడుతుందో ఆయనకు ఒక్క వస్తువు కూడా తెలియదు.

మాస్టర్‌ను ‘రెసిపీ రాసియ్యి’ అంటే రాయడు. రాసినా ‘కొంచెం’, ‘సరిపడా’, ‘గుప్పెడు’ అనే రాస్తాడు. అబద్ధమాడుతున్నాడని కాదు, అతనికి నిజంగా గ్రాముల్లో తెలియదు, చేతికి తెలుసు. కాబట్టి నేను చేసే పని ఇది. ఉప్పు డబ్బా, కారం డబ్బా, గరం మసాలా డబ్బా, నూనె క్యాన్ – అన్నీ వంటకు ముందు తూచి రాసుకుంటాను. మాస్టర్‌ను ఆయన ఇష్టప్రకారం వండనిస్తాను. అయ్యాక మళ్లీ తూస్తాను. తగ్గిందెంతో అదే ఆయన గుప్పెడు. మూడు వేర్వేరు రోజులు ఇలా చేసి సగటు తీస్తాను. నేను చూసిన ఒక మాస్టర్‌కు 10 కిలోల మటన్‌కు ఉప్పు ఒక రోజు 140 గ్రాములు, ఇంకో రోజు 185. మధ్యలో పెళ్లాంతో గొడవ, అంతకన్నా ఏం లేదు. ఆ లెక్క చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయి, ఆ తర్వాత తనే కొలిచి వేయడం మొదలుపెట్టాడు. దీన్నే స్టాండర్డ్ రెసిపీ అంటారు. లామినేషన్ చేయించి గోడకు తగిలించండి, తెలుగులోనూ హిందీలోనూ. మీ హెల్పర్లలో సగం మంది ఒడిశా, బెంగాల్, బిహార్ పిల్లలే ఉంటారు.

మీ మిర్యాలగూడ మాస్టర్ గురించి ఒక జాగ్రత్త. ఆయన చేతి వంట గొప్పదే కావచ్చు. కానీ ఐదు వందల మందికి ఒకేసారి వండడం వేరు, ఒక్కో ప్లేటు ఐదు వందల సార్లు ఇవ్వడం వేరు. ఫంక్షన్‌లో బగారా అన్నం ఒంటి గంటకు దింపితే మూడింటికల్లా డేక్షా ఖాళీ. రెస్టారెంట్‌లో మధ్యాహ్నం పన్నెండుకు వచ్చినాయనకూ, రాత్రి పదిన్నరకు లారీ దిగి వచ్చినాయనకూ అదే రుచి ఉండాలి. ఫంక్షన్ మాస్టర్లు ఇక్కడే తడబడతారు. మిగిలింది వేడి చేసి, నీళ్లు పోసి, మళ్లీ కారం వేసి నడిపిస్తారు. ఆయనకు రోజుకు ఎన్ని విడతలు వండాలి, ఒక్కో విడత ఎంత అని ఒకరు కూర్చుని చెప్పాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. నెల మొదట్లో స్టోర్‌లో ఉన్న సరుకు విలువ, దానికి నెలలో కొన్నది కలపండి, నెలాఖరున మిగిలినది తీసేయండి. వచ్చేది వాడకం. ఉదాహరణకు 1,80,000 ఉంది, 6,40,000 కొన్నారు, 1,50,000 మిగిలింది. వాడకం 6,70,000. అమ్మకం 19 లక్షలైతే ఫుడ్ కాస్ట్ 35 శాతం పైన ఉన్నట్టు. నా హద్దు 34. అది దాటిన నెల నేను ముందు చూసేది కొనుగోలు ధరలను కాదు, గంటెను. చికెన్ బిర్యానీ ప్లేటులో 30 గ్రాముల ముక్క ఎక్కువ పడుతోందనుకోండి, ఎవరూ గమనించరు, కస్టమర్ కూడా థాంక్స్ చెప్పడు. రోజుకు 150 ప్లేట్లు అంటే నాలుగున్నర కిలోలు. కిలో 220 చొప్పున నెలకు దాదాపు 30 వేలు. ఒక హెల్పర్ జీతం కన్నా ఎక్కువ అది. గంటె మార్చి, ముక్క సైజు ఒకటే చేస్తే ఆగిపోతుంది. ఉల్లిగడ్డ కూడా అంతే. బిర్యానీలో వేసే బిరిస్తాకు (ఎర్రగా వేయించిన ఉల్లి) కిలో పచ్చి ఉల్లిగడ్డ వేయిస్తే చేతికొచ్చేది పావుకిలో లోపే. ధర పెరిగిన నెలలో ఇది లెక్కలో లేకపోతే బిర్యానీ మీద మిగిలేది గుండుసున్నా.

సరుకు దించుకునేటప్పుడు చెఫ్ గానీ, అతను నమ్మిన మనిషి గానీ కాటా దగ్గర ఉండాలి. చికెన్ ఐస్ నీళ్లతో కలిపి తూచి ఇస్తారు, జల్లెడలో పది నిమిషాలు వడకట్టి తూస్తే అసలు బరువు తెలుస్తుంది. ఒకచోట నేను ఈ పని మొదలుపెట్టిన వారానికే సప్లయర్ యజమానికి ఫోన్ చేసి ‘మీ చెఫ్‌తో వేగలేకపోతున్నాం’ అన్నాడు. యజమాని నా వైపు నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. ఇంకోచోట నిలబడలేదు, నేనే నాలుగు నెలల్లో బయటికొచ్చాను. బియ్యం గురించి మిర్యాలగూడ మనిషికి నేను చెప్పేదేముంది, మిల్లులన్నీ మీ ఊళ్లోనే. కానీ తెలిసిన మిల్లు కదా అని లాట్ మారినప్పుడు పరీక్షించకుండా వాడొద్దు. కొత్త బియ్యం అయితే అదే నీళ్లకు ముద్దవుతుంది. ప్రతి లాట్‌లో ఒక కిలో ముందు వండి నీళ్ల కొలత మార్చుకోవాలి.

నీళ్లు అంటే గుర్తొచ్చింది. మీ వైపు బోరు నీళ్లు ఎలాంటివో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ సంగతి అలా ఉంచినా, ఆ నీళ్ల కఠినత్వానికి కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. మాస్టర్ సోడా వేస్తాడు, పప్పు రంగూ రుచీ పోతాయి. వంటకు, టీకి, ఇడ్లీ స్టీమర్‌కు శుద్ధి చేసిన నీళ్ల లైను వేరేగా వేయించండి. ఇప్పుడు ప్లంబింగ్ దశలో ఉంటే ఖర్చు తక్కువ, గోడలయ్యాక రెట్టింపు.

తిన్నవాళ్ల ఆరోగ్యం. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్తా. ఒక ఎండాకాలం బాంకెట్ కోసం 40 లీటర్ల గ్రేవీ చేసి, పెద్ద డేక్షాతో అలాగే కోల్డ్ రూంలో పెట్టించాను. పైన చల్లగా ఉంది, తలుపేసి ఇంటికెళ్లాను. పొద్దున గరిట అడుగుకు పెడితే మధ్యలో ఇంకా గోరువెచ్చగా ఉంది, బుడగలు వస్తున్నాయి. మొత్తం పారబోశాం. అప్పట్నుంచి వేడిది ఏదైనా సరే, వెడల్పు ట్రేల్లో రెండు మూడు అంగుళాల మందాన పోసి చల్లార్చాకే లోపలికి. వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు. మధ్యలో ఉన్నంతసేపూ క్రిములకు పండగే. మే నెలలో బయట 44 ఉంటే మన వంటగది లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది, మధ్యాహ్నం వార్చిన అన్నం రాత్రికి ఫ్రైడ్ రైస్ చేయడానికి పొయ్యి పక్కనే ఉంచితే ఏమవుతుందో ఊహించండి. వేయించిన నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నియమం ఉంది, చిన్న మీటర్‌తో చూసుకోవచ్చు. 2024 అక్టోబర్ 30న పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. కబాబ్‌లతో అదే ఇచ్చే నా కిచెన్‌లో ఆ సాయంత్రానికే పుదీనా పెరుగు చట్నీకి మారాం. ఇలాంటి ఆర్డర్ వచ్చిన రోజే మెనూ మార్చగలిగేవాడు ఉండాలి, నోటీసు వచ్చాక కాదు.

మెనూ విషయంలో మీ కన్సల్టెంట్‌తో నేను గొడవపడతాను. 180 ఐటమ్స్ రాసిచ్చాడన్నారు. సగం కొట్టేయండి. పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరిన కార్లు మీ దగ్గరికి వచ్చేది టిఫిన్ వేళకు. అంటే మీ కొంప నిలబెట్టేది టిఫిన్ మాస్టర్, బిర్యానీ మాస్టర్ రెండోవాడు. ఇడ్లీ, దోశ, పూరీ, ఉప్మా, మంచి చట్నీ, చిక్కటి చాయ్ – ఇవి పది నిమిషాల్లో టేబుల్ మీదికి రావాలి. పొంగల్, నూడుల్స్, పిజ్జా అన్నీ అదే పొయ్యి మీద పెడితే ఏదీ రాదు. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర కార్లు ఎలా ఆగిపోతాయో మీకు తెలుసు. ఆ నాలుగు రోజులూ మెనూ పద్నాలుగు ఐటమ్స్‌కు కుదించి, విడిగా ఒక కాగితం మీద అచ్చు వేయించండి. పండుగకు ముందు వచ్చే గుంపు ఆంధ్రా వైపు పోయేది, పండుగయ్యాక తిరిగొచ్చేది, రెండింటికీ వేళలు వేరు. అమావాస్యకు చెరువుగట్టు గుడికి వచ్చే జనం మరో లెక్క. కార్తీకంలో, శ్రావణంలో మాంసం సగానికి పడిపోతుంది, ఆ నెలల్లో మటన్ ఆర్డర్ అలవాటు ప్రకారం పెడితే ఫ్రీజర్ నిండుతుంది తప్ప గల్లా నిండదు. ఈ క్యాలెండర్ చెఫ్ తలలో ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చే చెఫ్‌కు ఇది ఉండదు, మీరే చెప్పాలి.

మనుషుల గురించి రెండు మాటలే. వారానికి ఒక సెలవు నిజంగా ఇవ్వండి. స్టాఫ్‌కు పెట్టే అన్నం బాగుండాలి, నీళ్ల పప్పు పోసి తందూర్ దగ్గర పన్నెండు గంటలు నిలబెడితే ఎవడూ ఉండడు. బెంగాలీ పిల్లలు దుర్గాపూజకు పోతారు, బిహార్ వాళ్లు హోలీకి, ఛఠ్‌కు. వద్దంటే చెప్పకుండా పోతారు. అంతకన్నా ముందే రోస్టర్‌లో రాసుకోవడం మేలు. అరుపుల విషయానికొస్తే, టీవీల్లో చూసి చెఫ్ అంటే అరిచేవాడు అనుకుంటారు. నేనూ అరిచేవాణ్ణి. ఒకసారి నేను అరిచిన కమీ భయంతో వేలు తెగిన సంగతి దాచి అదే చేత్తో సలాడ్ కోశాడు. అప్పట్నుంచి తగ్గించాను, పూర్తిగా పోలేదు.

మరి మీరేం చేయాలి? మీ మాస్టర్‌నే వంటగది పెద్దగా పెట్టండి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి నాలుగైదేళ్లు సీడీపీగా చేసిన కుర్రాణ్ణి ఒకణ్ణి ఆయన పక్కన లెక్కలకు, తూకాలకు, రికార్డులకు పెట్టండి. మాస్టర్‌ను ‘అన్నా’ అని పిలవగలిగే కుర్రాడు కావాలి, ‘నీకేం తెలుసు’ అనేవాడు వద్దు. తెరవడానికి ముందు ఒక నెల, తెరిచాక రెండు నెలలు ఒక అనుభవమున్న చెఫ్‌ను విజిటింగ్‌గా పిలవండి. రెసిపీలు, సెక్షన్లు, కొనుగోలు పద్ధతి నిలబెట్టి వెళ్తాడు. రెండో బ్రాంచి గానీ, బాంకెట్ గానీ పెట్టిన రోజు ఫుల్ టైమ్ ఎగ్జిక్యూటివ్ చెఫ్‌ను తీసుకోండి. అప్పుడు కూడా అతని చేతి వంట తిని చూడకుండా జీతం ఇవ్వొద్దు. ‘వండను’ అన్నాయనతో పచ్చిపులుసు, పప్పు, తెల్లన్నం చేయించండి. ఈ మూడూ సరిగ్గా చేయలేనివాడు ఇతరులు చేసింది రుచి చూసి ఏం సరిచేస్తాడు?

ఒకటి మాత్రం ముందే తేల్చుకోండి. కొనడం, మనుషులను పెట్టడం తీయడం, మెనూ – ఈ మూడింట్లో వంటగది పెద్ద మాట చెల్లకపోతే ఎవరినీ పెట్టొద్దు, డబ్బు దండగ. కౌంటర్ మీద కూర్చునే మీ బామ్మర్ది వంటగదిలోకి తొంగిచూసి ‘మా దోస్తులొచ్చిండ్రు, జర ముక్కలు ఎక్కువెయ్’ అంటే, ఆ రోజుతో చెఫ్ మాటకు విలువ పోతుంది. బామ్మర్ది దోస్తులకు బిల్లు లేకుండా పెట్టినా పర్వాలేదు, కేఓటీ మాత్రం రాయించండి. లేకపోతే నెలాఖరున ఆ ముక్కలు చెఫ్ లెక్కలోనే పోయినట్టు కనిపిస్తాయి.

ఇక తందూరీ మాస్టర్ అడ్వాన్స్. లక్ష అడుగుతున్నాడన్నారు. ఈ లైన్‌లో అడ్వాన్స్ ఇవ్వకుండా ఎవరూ రారు, కాబట్టి ‘ఇవ్వను’ అని కూర్చుంటే తందూర్ చల్లగానే ఉంటుంది. ఒక నెల జీతం మించకుండా ఇవ్వండి, బ్యాంకు ఖాతాలో వేయండి, నెలకు ఎంత కోస్తారో కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. పాత హోటల్‌లో అడ్వాన్స్ తీరిందో లేదో ఒక ఫోన్ చేసి కనుక్కోండి. తీర్చకుండా వచ్చినవాడు మీ దగ్గర కూడా తీర్చకుండానే పోతాడు. ఆ ఫోన్ చేసేటప్పుడే రోజుకు ఎన్ని నాన్లు కొట్టేవాడో కూడా అడగండి, లక్ష అడిగేవాడి చేతివేగం ఎంతో అక్కడే తెలుస్తుంది.